రామానుజన్ ఉద్యోగం వెతుక్కున్న రోజులు

(బి.ఎస్సి. ఆఖరు సంవత్సరం విద్యార్థి)

శ్రీనివాస రామానుజన్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి కేంబ్రిడ్జి, రాయల్ సొసైటీ, 1729 అనే టాక్సీ నంబరు. క్లాసులో లెక్కల మాస్టార్లు చెప్పేదీ అదే. కాని ఆ మహానుభావుడి ముప్ఫై రెండేళ్ళ జీవితంలో సుమారు ఐదేళ్ళు ఒక మామూలు నిరుద్యోగిగా గడిచాయన్న సంగతి అంతగా ఎవరూ చెప్పరు. పరీక్ష తప్పి, చేతిలో డబ్బుల్లేక, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో తలదాచుకుంటూ, ఏదైనా గుమాస్తా పని ఇప్పించండని మద్రాసు వీధుల్లో తిరిగిన కుర్రవాడాయన.

మన కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్న అందరి మనసుల్లోనూ ఇవాళ ఉన్న ప్రశ్న ఒక్కటే: తర్వాతేమిటి? అందుకే ఈ వ్యాసంలో ఆయన గణితం కన్నా ఆయన ఉద్యోగ ప్రయత్నాల గురించే ఎక్కువ చెప్పదలచుకున్నాను. లెక్కల్లో ఆయన్ని అనుకరించడం మనబోటి వాళ్ళ తరం కాదు. ఉద్యోగం వెతుక్కోవడంలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోదగినవి చాలా ఉన్నాయి.

బాల్యం, చదువు

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళదేశంలోని ఈరోడ్‌లో, అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుళ్ళో భజనలు పాడేది. ఆ రాబడి చాలక, చదువుకునే పిల్లల్ని ఇంట్లో పెట్టుకొని భోజనం పెట్టి, వాళ్ళిచ్చే డబ్బుతో సంసారం లాక్కొచ్చేవారు.

1903లో ఆయన చేతికి కార్ అనే ఇంగ్లీషు ఆయన రాసిన లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. దాన్లో సుమారు ఐదు వేల సూత్రాలున్నాయి. వివరణ తక్కువ. ఆ సూత్రాల్ని ఒక్కొక్కటే తనంతట తాను సాధించుకుంటూ పోవడమే ఆ పిల్లవాడి పనైపోయింది. 1904లో టౌన్ హైస్కూలు నుంచి గణితంలో బహుమతితో బయటికొచ్చాడు. కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో స్కాలర్‌షిప్పు వచ్చింది.

అక్కడే కథ అడ్డం తిరిగింది. లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు చదవలేదు. ఇంగ్లీషులో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. స్కాలర్‌షిప్పు లేనిదే ఫీజు కట్టే స్తోమత ఆ ఇంటికి లేదు. అవమానం భరించలేక 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వైపు, అంటే మన తెలుగుదేశానికి వచ్చేశాడు. కొన్నాళ్ళకు తిరిగి ఇల్లు చేరాడు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్.ఏ. పరీక్ష ఆ ఏడాది తప్పాడు, మరుసటి ఏడాదీ తప్పాడు. శరీరశాస్త్రం లాంటివి ఆయనకు ఎక్కలేదు. దానితో చదువు ముగిసింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు.

రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు కదా అని బ్యాక్‌లాగులున్న మిత్రులు కొందరు సరదాగా అంటుంటారు. ఫెయిలైనందువల్ల ఆయన గొప్పవాడు కాలేదు. ఆ రెండు ఫెయిళ్ళకు ఐదేళ్ళ పాటు కడుపు మాడ్చుకొని వెల చెల్లించాడు. మార్కులుంటే సుళువుగా తెరుచుకునే తలుపులు ఆయనకు ఒక్కొక్కటీ తట్టి తట్టి తెరిపించుకోవలసి వచ్చింది. కాబట్టి మిత్రులారా, పాసవ్వడం పాసవ్వవలసిందే!

ఇంటి బరువు

1909 జూలైలో తల్లి జానకి అనే పదేళ్ళ పిల్లతో ఆయనకు పెళ్ళి చేసింది. అప్పటి ఆచారం ప్రకారం ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది. పెళ్ళయిన మరుసటి ఏడాది జనవరిలో ఆయనకు ఆపరేషను అవసరమైంది. ఇంట్లో డబ్బు లేదు. ఒక డాక్టరు ఫీజు తీసుకోకుండా చేసి పుణ్యం కట్టుకున్నాడు.

ఇక ఉద్యోగం వెతుక్కోక తప్పలేదు. మొదట ట్యూషన్లు చెప్పి చూశాడు. అయితే పుస్తకంలో ఉన్న పద్ధతి వదిలేసి తన పద్ధతులన్నీ చెప్పుకుంటూ పోయేవాడు. పరీక్షకు చదివే పిల్లలకు అది పనికిరాలేదు. ట్యూషన్లు నిలబడలేదు. ఒక పని మనకు బాగా వచ్చినంత మాత్రాన అది అవతలివాడి అవసరం తీరుస్తుందని అనుకోరాదని ఇక్కడే తెలుస్తోంది.

నోటు పుస్తకమే సర్టిఫికెట్టు

1910లో ఆయన తిరుక్కోయిలూరు అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ గారు 1907లో ఇండియన్ మాథమెటికల్ సొసైటీని స్థాపించిన వ్యక్తి. ఈ సంగతి తెలుసుకొనే వెళ్ళాడు రామానుజన్. ఆయన అడిగింది ఆ ఆఫీసులో ఒక చిన్న గుమాస్తా పని. సర్టిఫికెట్లు ఏమీ లేవు కనుక తను లెక్కలు రాసుకున్న నోటు పుస్తకాలు చూపించాడు. అయ్యర్ గారు వాటిని చూసి, ఇలాంటివాణ్ణి తాలూకా ఆఫీసు కాగితాల్లో పూడ్చిపెట్టడం పాపమనుకున్నారు. ఉద్యోగం ఇవ్వలేదు గాని, మద్రాసులో ఉన్న శేషు అయ్యర్ గారికి ఉత్తరం రాసి పంపించారు. శేషు అయ్యర్ గారు కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కు చదువు చెప్పిన లెక్కల అధ్యాపకులే.

మా రైతుల ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ధాన్యం అమ్మదలచినప్పుడు బస్తాలన్నీ బండి మీద వేసుకొని కొట్ల చుట్టూ తిరగం. తువ్వాలు కొంగున గుప్పెడు గింజలు మూటగట్టుకొని వెళ్ళి షావుకారు ముందు పోస్తాం. దాన్ని మచ్చు అంటాం. షావుకారు రెండు గింజలు నోట్లో వేసుకొని కొరికి చూస్తాడు. తేమ ఎంతుందో, నూక ఎంతవుతుందో అతనికి తెలిసిపోతుంది. రైతు పంట గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా ఆ గుప్పెడు గింజలు చెప్పినంత చెప్పలేడు. రామానుజన్ నోటు పుస్తకం అటువంటి మచ్చు. తెలివైనవాణ్ణని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. అంతకన్నా ముఖ్యమైన విషయం, గింజ కొరికి చూడటం తెలిసిన వాళ్ళ ముందే పెట్టాడు.

నెల్లూరు కలెక్టరు గారు

1910 డిసెంబరులో, శేషు అయ్యర్ గారి సిఫారసుతో రామానుజన్ నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ రామచంద్రరావు గారిని కలిశాడు. రావు గారు కూడా మాథమెటికల్ సొసైటీలో ప్రముఖులు. పొట్టిగా, లావుగా, మాసిన గడ్డంతో, చంకలో చిరిగిన నోటు పుస్తకంతో వచ్చిన ఆ మనిషిని చూసి మొదట ఆయనకేమీ నమ్మకం కలగలేదు. పుస్తకంలో ఉన్నది అర్థమూ కాలేదు. అయినా మళ్ళీ రమ్మన్నారు.

ఇక్కడ రామానుజన్ చేసిన పని ప్రతి విద్యార్థీ గుర్తు పెట్టుకోవాలి. తన లెక్కలు అర్థం చేసుకోలేదని చిన్నబుచ్చుకొని వెళ్ళిపోలేదు. మళ్ళీ వచ్చాడు. ఈసారి తేలికైన ఫలితాలు కొన్ని ఏరి చూపించాడు. అవీ పాఠ్యపుస్తకాల్లో లేనివే, కాని రావు గారికి అందేవి. అవి ఒప్పుకున్నాక ఇంకొంచెం పై మెట్టు ఎక్కించాడు. అలా మెట్టు మెట్టుగా ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ దాకా, చివరికి తన సొంత సిద్ధాంతాల దాకా తీసుకువెళ్ళాడు. అప్పటికి రావు గారికి పూర్తిగా నమ్మకం కుదిరింది. నీకేం కావాలని అడిగారు. పరిశోధన చేసుకోవటానికి వీలుగా తిండికి సరిపడా ఏదైనా చాలని చెప్పాడు.

ఇంటర్వ్యూ అంటే మనం భయపడతాం. అవతలివాళ్ళు మనల్ని పరీక్షిస్తున్నారనుకుంటాం. రామానుజన్ అవతలివారు ఎంతవరకు పట్టుకోగలరో అంచనా వేసుకొని అక్కడినుంచి మొదలుపెట్టాడు. ప్రాజెక్టు గురించి అడిగితే మొదటి వాక్యంలోనే సమీకరణాలు వల్లించేవాడికీ, అది దేనికి పనికొస్తుందో రెండు ముక్కల్లో చెప్పి తర్వాత లోతుకు వెళ్ళేవాడికీ ఉన్న తేడా ఇదే.

రావు గారు ఆయన్ని నెల్లూరులో ఉంచుకోకుండా మద్రాసుకే పంపి, నెలకు 25 రూపాయలు మనియార్డరు చేయసాగారు. ఆ ఏడాది పాటు రామానుజన్ తిండి గురించి వెతుక్కోలేదు. 1911లో బెర్నూలీ సంఖ్యల మీద ఆయన మొదటి పరిశోధన వ్యాసం సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. అంతకు ముందు సంపాదకులు నారాయణ అయ్యంగార్ గారు స్పష్టంగా లేదని ఆ వ్యాసాన్ని తిప్పి పంపేవారు, ఈయన దిద్ది పంపేవాడు. అదే జర్నల్‌లో ఒక వర్గమూలం లోపల ఇంకొకటి చొప్పున అంతులేకుండా సాగే లెక్క ఒకటి ఇచ్చి, సాధించమని పాఠకులకు సవాలు చేశాడు. నెలలు గడిచినా ఎవరూ పంపలేదు. జవాబు 3 అని ఆయనే చెప్పవలసి వచ్చింది. దీనితో మద్రాసు లెక్కల పండితుల్లో ఆయన పేరు నలుగురి నోళ్ళలో పడింది.

ఒక పేజీ అప్లికేషను

ఊరికే ఒకరి సొమ్ము తినడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 మొదట్లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయల జీతం మీద తాత్కాలికంగా చేరాడు. అది కొద్ది వారాల ముచ్చటే. ఫిబ్రవరి 9న మద్రాసు పోర్టు ట్రస్టుకు అప్లికేషను పెట్టాడు.

ఆ అప్లికేషను చాలా చిన్నది. దాన్లో ఆయన మెట్రిక్యులేషను పాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివి పరిస్థితులు అనుకూలించక ఆపవలసి వచ్చిందని రాశాడు. ఆ తర్వాత కాలమంతా గణితంలోనే గడుపుతున్నానని, ఈ పని సరిగ్గా చేయగలనన్న నమ్మకం తనకుందని చెప్పాడు. లేని చదువు ఉన్నట్టు రాయలేదు. కష్టాలు ఏకరువు పెట్టి జాలి అడగలేదు. మధ్యలో పోయిన ఏళ్ళల్లో ఏం చేస్తున్నాడో ఒక్క మాటలో చెప్పాడు. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యులు మిడిల్‌మాస్ట్ గారిచ్చిన సిఫారసు ఉత్తరం జతపరచాడు. ఇవాళ మనం కంప్యూటర్ సెంటర్లో డబ్బులిచ్చి నాలుగు పేజీల బయోడేటాలు చేయించుకుంటున్నాం. ఎదురుగా ఎవరైనా ప్రశ్నిస్తే అందులో సగం మనకే తెలియదు.

1912 మార్చి 1న నెలకు 30 రూపాయల జీతం మీద పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరాడు. ఐదేళ్ళ నిరుద్యోగం ఆ రోజుతో తీరింది.

గుమాస్తా కుర్చీలోంచి కేంబ్రిడ్జికి

చిన్న ఉద్యోగమని తీసిపారేయటానికి వీల్లేదు. ఆ ఆఫీసు మేనేజరు నారాయణ అయ్యర్ గారు అంతకు పూర్వం కాలేజీలో లెక్కలు చెప్పినవారు, మాథమెటికల్ సొసైటీ సభ్యులు. పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇంజనీరు. పని చేసే చోట పని గుర్తించేవారున్నారు. జీతం వేరే చోట పది రూపాయలు ఎక్కువ వచ్చినా ఇది దొరికేది కాదు. రాత్రిళ్ళు అయ్యర్ గారి ఇంటి అరుగు మీద ఇద్దరూ పలకలు పెట్టుకొని లెక్కలు చేసేవారట. రామానుజన్ మోచేత్తో పలక తుడిచేసి మెట్లు మింగేస్తుంటే, తనకే అర్థం కానిది పైవాళ్ళకు ఎలా అర్థమవుతుందని అయ్యర్ గారు మధ్య మెట్లు రాయించేవారు. అటువంటి తోటి ఉద్యోగి దొరకడం కూడా అదృష్టమే.

ఆ తర్వాత వీరందరి ప్రోత్సాహంతో ఇంగ్లండు ఉత్తరాలు మొదలయ్యాయి. 1912 చివర మద్రాసు ఇంజనీరింగు కాలేజీ ఆచార్యులు గ్రిఫిత్ గారు లండన్‌లోని హిల్ అనే ఆచార్యుడికి రాశారు. రామానుజన్ పనిలో పొరపాట్లు ఉన్నాయని, ఫలానా పుస్తకం చదివితే మేలని ఆయన బదులిచ్చాడు. కేంబ్రిడ్జిలో బేకర్, హాబ్సన్ అనే పండితులకు రాస్తే ఫలితం లేకపోయింది. 1913 జనవరి 16న రామానుజన్ హార్డీకి రాశాడు. పోర్టు ట్రస్టులో ఏడాదికి ఇరవై పౌన్ల గుమాస్తానని, యూనివర్సిటీ చదువు లేనివాణ్ణని ముందే చెప్పుకొని, వందకు పైగా సూత్రాలు జతపరిచాడు. అది కూడా మచ్చే! హార్డీ మొదట సందేహించినా, మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి ఒక రాత్రి కూర్చొని చూశాక ఇది అసలు సరుకని తేల్చుకున్నాడు. ఫిబ్రవరి 8న జవాబు రాశాడు. రెండు తలుపులు తెరుచుకోలేదని మూడోది తట్టకుండా ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు పెద్దలు.

అదే నెలలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చినప్పుడు స్ప్రింగ్ గారు రామానుజన్ పని చూపించారు. ఆయన యూనివర్సిటీకి గట్టిగా రాశాడు. డిగ్రీ లేకపోయినా 1913 మే నుంచి నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్పు వచ్చింది. మూడు నెలలకోసారి చేసిన పని రాసివ్వాలని షరతు. పోర్టు ట్రస్టు ఉద్యోగానికి రాజీనామా చేయలేదు, జీతం లేని సెలవు పెట్టాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదన్నమాట.

సముద్రం దాటడానికి మొదట ఇంట్లో ఒప్పుకోలేదు. 1914లో ఉపన్యాసాలివ్వడానికి మద్రాసు వచ్చిన నెవిల్ నచ్చజెప్పాడు, తల్లి కూడా చివరికి సమ్మతించింది. యూనివర్సిటీ ఏటా 250 పౌన్లు మంజూరు చేసింది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కాడు.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1916లో పరిశోధన మీద కేంబ్రిడ్జి బి.ఏ. వచ్చింది. రెండుసార్లు ఎఫ్.ఏ. తప్పిన మనిషి 1918లో రాయల్ సొసైటీ ఫెలో, అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యాడు. ట్రినిటీలో ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

చూసుకోని ఒంటి సంగతి

అన్నీ నేర్చుకోవలసినవే అంటే అబద్ధమవుతుంది. చలిదేశంలో, యుద్ధ కాలంలో, శాకాహారం సరిగ్గా దొరక్క తానే వండుకొంటూ, వేళాపాళా లేకుండా పనిచేస్తూ 1917లో మంచాన పడ్డాడు. ఎన్నో ఆస్పత్రులు తిరిగాడు. అప్పటి డాక్టర్లు క్షయ అన్నారు. 1994లో ఒక ఇంగ్లీషు వైద్యుడు పాత రికార్డులు పరిశీలించి, అది కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి కావచ్చని రాశాడు. అదే అయితే ఆ రోజుల్లో కూడా నయం చేయదగిన జబ్బే. 1919 మార్చిలో బొంబాయి రేవులో దిగాడు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశాడు. భార్య జానకి 1994 దాకా జీవించింది. ఉద్యోగం కోసం రూముల్లో ఒక్కపూట తిని చదివే మన మిత్రులు ఈ సంగతి మరిచిపోకూడదు.

మనం చేయదగినది

రామానుజన్ కథలో ఉద్యోగం ఇచ్చినవాడు ఒక్కడు కాదు. ఒక డిప్యూటీ కలెక్టరు ఒక లెక్చరర్‌కు రాశాడు, ఆ లెక్చరర్ ఒక కలెక్టరుకు రాశాడు. మేనేజరు ఛైర్మన్‌కు చెప్పాడు, ఛైర్మన్ వాకర్‌కు చూపించాడు. దీన్ని పైరవీ అని కొట్టిపారేయటానికి లేదు. పైరవీలో సరుకు చూడరు, మనిషిని చూస్తారు. ఇక్కడ ప్రతి ఒక్కరూ నోటు పుస్తకం చూసిన తర్వాతే కలం పట్టారు.

కనుక ఈ వేసవి సెలవుల్లో మనలో ప్రతి ఒక్కరం చేసిన పని ఒకటి చూపించడానికి తయారు చేసుకుందాం. అది ప్రాక్టికల్ రికార్డు కావచ్చు, రాసిన ప్రోగ్రాం కావచ్చు, మన ఊరి చెరువు నీటి మీద చేసిన పరీక్షల పట్టిక కావచ్చు. అది చదవగలిగే ముగ్గురి పేర్లు కనుక్కొని, ఒక్క పేజీ ఉత్తరంతో పంపిద్దాం. జవాబు రాకపోతే నాలుగో పేరు వెతుకుదాం. అందులో తప్పులున్నాయంటే దిద్ది మళ్ళీ పంపుదాం.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1919 జనవరిలో, జబ్బుతో ఉండి కూడా, మద్రాసు యూనివర్సిటీ తనకు ఇవ్వబోయే డబ్బు గురించి రామానుజన్ ఒక ఉత్తరం రాశాడు. తల్లిదండ్రులకు ఏటా 50 పౌన్లు ఇచ్చి, తన అవసరాలకు పోను మిగిలింది పేద పిల్లల స్కూలు ఫీజులకూ, పుస్తకాలకూ వాడమని అందులో కోరాడు. ఫీజు కట్టలేక చదువు పోగొట్టుకున్న మనిషి గట్టెక్కాక చేసిన మొదటి ఆలోచన అది. మనలో ముందుగా ఉద్యోగంలో కుదురుకొనేవాళ్ళు కూడా, ఏడాదికి కనీసం ఒక్క జూనియర్ తెచ్చిన నోటు పుస్తకం ఓపికగా తెరిచి చూస్తే, మన కాలేజీ నుంచి ఊరికే తిరిగే డిగ్రీలు కొన్నయినా తగ్గుతాయి.